కోపము – ఏకాగ్రత: గోల్ఫు మైదానము నేర్పిన పాఠము

ఉద్యోగ విరమణ తరువాత ఉదయపు నడకకు ఒక వ్యాపకము తోడైతే బాగుంటుందని గోల్ఫు ఆట నేర్చుకోవడము మొదలుపెట్టాను. నలభై ఏళ్ళ పాటు నా దగ్గరకు వచ్చిన రోగులకు ‘ఉప్పు తగ్గించండి, కోపము తగ్గించండి’ అని చెబుతూ వచ్చిన వాడిని. నా విషయములో ఉప్పు సంగతి మా ఇంటివారు చూసుకున్నారు. కోపము సంగతి మాత్రము నేనెన్నడూ పరీక్షించుకోలేదు. ఆ పరీక్ష విశాఖపట్నములో, సముద్రపు గాలి తగిలే ఒక మైదానములో జరిగింది.

ఆ ఉదయము నా సంచి మోస్తున్న క్యాడీ కుర్రవాడు, “ఎదురుగాలి ఉంది సార్, 7వ నంబరు వద్దు, 6 తీసుకోండి” అన్నాడు. గోల్ఫు కర్రను క్లబ్బు అంటారు. దాని నంబరు తగ్గేకొద్దీ బంతి ఎక్కువ దూరము పోతుంది. నేను వినలేదు. 7వ నంబరుతోనే కొట్టాను. బంతి గాలికి వెనుకబడి, గ్రీను ముందు ఉన్న ఇసుక గుంటలో పడింది. లోపలికి దిగి ఒకసారి కొట్టాను. ఇసుక లేచింది గాని బంతి లేవలేదు. రెండవసారీ, మూడవసారీ అంతే. చేతిలోని క్లబ్బును బలముకొద్దీ ఇసుకలోకి దిగగొట్టి, ఆ కుర్రవాడి వైపు తిరిగి, “నేను కొట్టబోయే ముందు నువ్వు మాట్లాడబట్టే ఇలా అయింది” అన్నాను.

అతడు మాట్లాడలేదు. అక్కడున్న రేకు తీసుకొని, నా అడుగుజాడలనూ, నా క్లబ్బు చేసిన గాడినీ చదును చేశాడు. అతనికి మా పెద్ద మనుమడి వయస్సు ఉంటుంది. తరువాతి రంధ్రము దగ్గర నా రెండు బంతులు పొదలలోకి పోయాయి. చేతులు వణుకుతున్నాయి. ఉదయము రక్తపోటు మాత్ర వేసుకొని వచ్చిన నేను, నా కణతలలో నాడి కొట్టుకోవడము స్పష్టముగా వినగలిగాను.

మీలో చాలామంది గోల్ఫు ఆడి ఉండరు. ఇకపై ఆడకపోవచ్చు కూడా. అయినా ఈ ఆటను గురించి వ్రాయడానికి కారణము ఉన్నది. కోపము పుట్టుక, పెరుగుదల, అది మన దృష్టిని చెదరగొట్టే విధము, చెదిరిన దృష్టిని తిరిగి కూడగట్టుకొనే ఉపాయము, ఇవన్నీ ఇంత స్పష్టముగా కనిపించే చోటు మరొకటి నాకు తారసపడలేదు.

ఈ ఆటలో కోపము ఎందుకు ఎక్కువ?

గోల్ఫు బంతి వ్యాసము సుమారు 43 మిల్లీమీటర్లు. అది పడవలసిన రంధ్రము వ్యాసము 108 మిల్లీమీటర్లు. ఈ రెండింటి నడుమ వందల మీటర్ల దూరము, చెట్లు, నీటి మడుగులు, ఇసుక గుంటలు ఉంటాయి. ఇటువంటి రంధ్రాలు 18. అన్నింటినీ కలిపి ఎవరు తక్కువ దెబ్బలలో ముగిస్తే వారిది గెలుపు.

క్రికెట్టులో బంతిని వేసేవాడు వేరొకడు ఉంటాడు. కాబట్టి మంచి బంతి పడిందనో, పిచ్చి బాగులేదనో, అంపైరు తప్పు చేశాడనో చెప్పుకోవచ్చు. గోల్ఫు బంతి నేల మీద కదలకుండా కూర్చొని ఉంటుంది. దానిని ఎవరూ మన మీదకు విసరరు. తప్పిన దెబ్బకు బాధ్యుడిని వెదకబోతే మనమే దొరుకుతాము. ఆ నిజాన్ని ఒప్పుకోలేని మనస్సు గాలిని, క్లబ్బును, పచ్చికను, చివరకు ప్రక్కన నిలబడిన క్యాడీని దోషిగా నిలబెడుతుంది.

పైగా ఈ ఆటలో చిన్న తప్పుకు పెద్ద శిక్ష పడుతుంది. 200 మీటర్ల దూరము పోయే బంతి గమనము 5 డిగ్రీలు ప్రక్కకు తప్పితే, అది పడే చోటు సుమారు 17 మీటర్లు మారిపోతుంది. 5 డిగ్రీల తేడా మణికట్టు కొద్దిగా తిరిగితే చాలు, వచ్చేస్తుంది.

అన్నిటికంటె ముఖ్యమైనది కాలము. 18 రంధ్రాల ఆటకు సుమారు 4 గంటలు పడుతుంది. ఒక దెబ్బ కొట్టడానికి పట్టేది 2 సెకనులలోపే. 90 దెబ్బలు కొట్టినా అసలు ఆట 3 నిమిషాలకు మించదు. తక్కిన సమయమంతా నడక, నిరీక్షణ. పరుగెత్తే ఆటలలో తరువాతి బంతి వచ్చి మన కోపాన్ని త్రోసివేస్తుంది. గోల్ఫులో ఏదీ రాదు. తప్పిన దెబ్బను తలచుకుంటూ రెండు వందల మీటర్లు నడవడానికి కావలసినంత తీరిక ఉంటుంది. కోపానికి ఈ తీరికే మేత.

శరీరములో జరిగేది

కోపము కేవలము మనస్సుకు సంబంధించినది కాదు. మెదడులో బాదము గింజ ఆకారములో ఉండే ఎమిగ్డలా అనే భాగము ప్రమాదమును, అవమానమును పసిగట్టి హెచ్చరిక పంపుతుంది. అప్పుడు సింపథెటిక్ నాడీమండలము ఉత్తేజితమవుతుంది. మూత్రపిండాల మీద టోపీల వలె ఉండే ఎడ్రినల్ గ్రంథులు ఎడ్రినలిన్‌ను రక్తములోకి విడుదల చేస్తాయి. గుండె వేగము, రక్తపోటు పెరుగుతాయి. ఊపిరి పైపైన ఆడుతుంది. కండరాలు బిగుసుకుంటాయి. పులి ఎదురైతే ఈ ఏర్పాటు మన ప్రాణము కాపాడుతుంది. 43 మిల్లీమీటర్ల బంతిని మెల్లగా దొర్లించవలసి వచ్చినప్పుడు మాత్రము ఇదే మనకు శత్రువవుతుంది.

బిగిసిన ముంజేయి క్లబ్బును గట్టిగా పట్టుకుంటుంది. మణికట్టు స్వేచ్ఛగా తిరగదు. దెబ్బ లయ తప్పి తొందరపడుతుంది. చూపు ఒకచోట నిలవదు. ఆలోచించి నిర్ణయము తీసుకోవడానికి తోడ్పడే మెదడు ముందు భాగము పట్టు తప్పుతుంది. అందువలననే కోపములో ఉన్న ఆటగాడు చెట్ల నడుమనున్న సన్నని సందులోనుంచి బంతిని పంపాలని చూస్తాడు. మామూలుగా ఉన్నప్పుడు అతడే ‘ఇది నా వల్ల కాదు’ అని బంతిని ప్రక్కకు, మైదానములోకి కొట్టి ఉండేవాడు. ఒక తప్పును ఒక్క దెబ్బతో దిద్దాలనే ఆవేశము మూడు తప్పులను తెచ్చిపెడుతుంది. నా రెండు బంతులు పొదలలోకి పోయింది ఇందుకే.

ఆటలో ఓడితే మునిగిపోయేది ఏమీ లేదు. రక్తనాళాల సంగతి వేరు. 2014లో యూరోపియన్ హార్ట్ జర్నల్‌లో హార్వర్డు పరిశోధకులు 9 అధ్యయనాలను సమీక్షించి ప్రచురించిన వ్యాసము ప్రకారము, తీవ్రమైన కోపము వచ్చిన తరువాతి 2 గంటలలో గుండెపోటు వచ్చే అవకాశము ఇతర సమయాల కంటె సుమారు 4.7 రెట్లు ఎక్కువ. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకుల నాయకత్వములో 280 మంది ఆరోగ్యవంతుల మీద జరిగిన ప్రయోగము మరొక సంగతి తెలిపింది. తమకు కోపము తెప్పించిన సంఘటనను 8 నిమిషాలు గుర్తు చేసుకున్నవారి రక్తనాళాలకు వ్యాకోచించే శక్తి తగ్గింది. ఆ ప్రభావము 40 నిమిషాల వరకు కనిపించింది. 

ఇది చదివి భయపడనక్కరలేదు. ఆరోగ్యవంతునికి ఒకసారి కోపము వచ్చినందువలన కలిగే అపాయము చాలా స్వల్పము. కాని అధిక రక్తపోటు, మధుమేహము, హృద్ధమనుల వ్యాధి ఉన్నవారికి, అందులోనూ రోజుకు పలుమార్లు కోపము తెచ్చుకొనేవారికి ఆ స్వల్పము స్వల్పముగా ఉండదు. మైదానములో నాతో ఆడే మిత్రులలో ఎక్కువమంది ఈ కోవకు చెందినవారే. నేనూ అందులో ఒకడిని.

రెండవ ప్రయోగములో మరొక విషయము గమనించండి. అక్కడ ఎవరూ వారిని తిట్టలేదు, కొట్టలేదు. జ్ఞాపకమే చాలింది. ఇసుక గుంటను వదలి వచ్చిన తరువాత కూడా, దానిని మనస్సులో మోసుకొని నడిచే గోల్ఫు ఆటగాడి పరిస్థితి ఇదే.

వెళ్ళగక్కితే పోతుందా?

కోపాన్ని లోపల ఉంచుకోకూడదని, అరచి, ఏదో ఒకటి విసిరి వెళ్ళగక్కాలని చాలామంది నమ్ముతారు. ప్రెషర్ కుక్కరులో ఆవిరి వలె కోపము పేరుకుంటుందని, విజిలు వేయనిస్తే తగ్గుతుందని ఈ నమ్మకము. నేను కూడ కొందరు రోగులకు ఈ సలహా ఇచ్చాను. అది తప్పు.

2002లో అమెరికాలో బ్రాడ్ బుష్‌మన్ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞుడు విద్యార్థుల మీద ఒక ప్రయోగము చేశాడు. వారికి కోపము తెప్పించి, కొందరిని తమకు కోపము తెప్పించిన వ్యక్తిని తలచుకుంటూ గుద్దుల సంచిని గుద్దమన్నాడు. కొందరిని రెండు నిమిషాలు ఊరకే కూర్చోబెట్టాడు. సంచిని గుద్దినవారిలోనే కోపము ఎక్కువగా మిగిలింది. 2024లో ఆయన, మరొక పరిశోధకురాలు కలిసి 154 అధ్యయనాలను సమీక్షించినప్పుడు కూడ ఇదే తేలింది. దీర్ఘశ్వాస, ధ్యానము, కండరాలను సడలించుకోవడము వంటి, శరీరపు ఉద్రేకమును తగ్గించే పనులు కోపాన్ని తగ్గించాయి. ఉద్రేకమును పెంచే పనులు తగ్గించలేదు.

కోపానికి కుక్కరు కంటె కట్టెల పొయ్యి తగిన పోలిక అని నా అభిప్రాయము. పుల్లలు వేస్తున్నంత సేపు అది మండుతుంది. క్లబ్బు విసరడము ఒక పుల్ల. తనను తాను తిట్టుకోవడము మరొక పుల్ల. ‘నా బ్రతుకంతా ఇంతే’ అనుకోవడము పెద్ద దుంగ.

అట్లని కోపము రానట్లు నటించమని కాదు. పళ్ళు బిగబట్టి నవ్వు పులుముకున్నంత మాత్రాన రక్తపోటు దిగదు. కోపము రావడము మన చేతిలో లేదు. వచ్చినదానికి పుల్లలు అందించడమో, మానడమో మాత్రము మన చేతిలోనే ఉన్నది. ఈ తేడాను తెలుసుకోవడమే నేను చెప్పదలచిన ముఖ్యవిషయము.

బాబీ జోన్స్ కథ

ఈ తేడాను నేర్చుకొని బాగుపడిన ఒక ఆటగాడిని గురించి చెబుతాను. అమెరికాలోని అట్లాంటాలో 1902లో పుట్టిన బాబీ జోన్స్ పసితనము నుంచే అద్భుతముగా ఆడేవాడు. 14 ఏళ్ళకే అమెరికా జాతీయ అమెచ్యూరు పోటీలలో పాల్గొన్నాడు. ఆటకు ఎంత పేరు వచ్చిందో క్లబ్బులు విసరడానికీ అంతే పేరు వచ్చింది.

1921లో, 19 ఏళ్ళ వయస్సులో, గోల్ఫు ఆటకు పుట్టినిల్లుగా పేరుపొందిన స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానములో బ్రిటిష్ ఓపెన్ ఆడాడు. మూడవ విడత ఆటలో మొదటి 9 రంధ్రాలకే 46 దెబ్బలు పట్టాయి. 11వ రంధ్రము దగ్గర ఇసుక గుంటలో చిక్కుకొని సహనము కోల్పోయాడు. ఆట ముగించకుండానే బంతిని చేతికి తీసుకొని పోటీనుంచి తప్పుకున్నాడు. అదే సంవత్సరము అమెరికాలో జరిగిన మరొక పోటీలో అతడు విసిరిన క్లబ్బు ఒక ప్రేక్షకురాలి కాలికి తగిలింది. కోపాన్ని అదుపులో పెట్టుకోకపోతే ఇకపై తమ పోటీలలో ఆడనివ్వబోమని అమెరికా గోల్ఫు సంఘము అధ్యక్షుడు అతడిని హెచ్చరించాడు.

జోన్స్ ఆ హెచ్చరికను తలకెక్కించుకున్నాడు. 1923లో యు.ఎస్. ఓపెన్ గెలిచాడు. 1925లో అదే పోటీలో, తాను కొట్టబోతుండగా బంతి కొద్దిగా కదిలిందని, మరెవరూ చూడకపోయినా తానే చెప్పి ఒక దెబ్బ శిక్ష వేసుకున్నాడు. చివరకు ఆ పోటీలో సమానముగా నిలిచి, ఆధిక్యము తేల్చే ఆటలో ఒక్క దెబ్బ తేడాతో ఓడిపోయాడు. 1927లో, తాను అలిగి వెళ్ళిపోయిన సెయింట్ ఆండ్రూస్‌లోనే బ్రిటిష్ ఓపెన్ గెలిచాడు. 1930లో ఆనాటి నాలుగు ముఖ్యమైన పోటీలను ఒకే సంవత్సరములో గెలిచి, 28 ఏళ్ళకే పోటీల నుంచి విరమించాడు.

వైద్యుడినైన నన్ను ఆకట్టుకున్నది ఆ తరువాతి కథ. నడివయస్సులో అతనికి సిరింగోమైలియా అనే వ్యాధి వచ్చింది. వెన్నుపాములో ద్రవముతో నిండిన తిత్తి ఏర్పడి, క్రమముగా చేతుల, కాళ్ళ శక్తిని, స్పర్శను హరించే వ్యాధి అది. చేతికర్రతో మొదలై చక్రాల కుర్చీ వరకు వచ్చాడు. 1971లో మరణించేవరకు రెండు దశాబ్దాలకు పైగా దానితో జీవించాడు. 1958లో సెయింట్ ఆండ్రూస్ పట్టణము అతనికి గౌరవ పౌరసత్వము ఇచ్చింది. 1759లో బెంజమిన్ ఫ్రాంక్లిన్ తరువాత ఆ గౌరవము పొందిన మొదటి అమెరికను అతడే. ఒకనాడు ఇసుక గుంటలో నాలుగు నిమిషాలు ఓర్చుకోలేక వెళ్ళిపోయిన మనిషిని అదే ఊరు పిలిచి సత్కరించింది. 

కోపిష్టి స్వభావము పుట్టుకతో వచ్చినదని, దానిని మార్చలేమని అనేవారికి నేను ఈ కథ చెబుతూ ఉంటాను.

చెదిరిన దృష్టిని కూడగట్టుకొనే విధము

నేను ఆచరించి ఫలితము పొందిన పద్ధతిని క్రమముగా చెబుతాను. ఇందులో కొత్తగా కనిపెట్టినది ఏమీ లేదు. క్రమము తప్పకుండా పాటించడములోనే ఫలితము ఉన్నది.

మొదట, కోపము వచ్చిందని మనస్సులో ఒప్పుకోండి. ‘నాకు కోపము వచ్చింది, చేతులు బిగుసుకున్నాయి’ అని మాటలలో చెప్పుకోండి. పేరు పెట్టి పిలిచినప్పుడు దాని బలము కొంత తగ్గుతుంది.

రెండవది, దానికి ఒక హద్దు గీయండి. దెబ్బ కొట్టిన చోటినుంచి పది అడుగులు వేసేవరకు బాధపడడానికి మీకు హక్కు ఉంది. పదకొండవ అడుగు తరువాత ఆ దెబ్బ గురించి తలచరాదు, మాట్లాడరాదు. పలువురు ఆటగాళ్ళు పాటించే నియమమిది. ‘అసలు కోపమే రాకూడదు’ అనే ప్రతిజ్ఞ కంటె ఇది ఆచరణ సాధ్యము.

మూడవది, ఊపిరి. నడుస్తూనే ముక్కుతో నాలుగు అంకెలు లెక్కించే వరకు గాలి పీల్చి, ఆరు అంకెలు లెక్కించే వరకు మెల్లగా విడవండి. అంకెకొక సెకను చొప్పున నిమిషానికి ఆరు శ్వాసలవుతాయి. గాలి విడిచేటప్పుడు వేగస్ నాడి ప్రభావము హెచ్చి గుండె వేగము తగ్గుతుంది. ఐదారు శ్వాసలకే తేడా తెలుస్తుంది. ఊపిరి బిగబట్టకండి.

నాలుగవది, చేతులు. రెండు పిడికిళ్ళనూ గట్టిగా బిగించి, ఐదు సెకనుల తరువాత పూర్తిగా వదలివేయండి. భుజాలను చెవుల దగ్గరకు ఎత్తి దించండి. తరువాత క్లబ్బును, మందు నింపిన సిరంజిని పట్టుకొన్నంత జాగ్రత్తగా, మృదువుగా పట్టుకోండి.

ఐదవది, చూపు. తల వంచుకొని నడిచేవాడు తన ఆలోచనలలోనే నడుస్తాడు. తల ఎత్తి చెట్ల కొమ్మలను, గాలికి కదిలే జెండాను, ఆకాశమును చూడండి. ఎదుటనున్న వస్తువు మీద నిలిచిన మనస్సు గడచినదాని మీదకు పోదు.

ఆరవది, బంతి దగ్గరకు చేరగానే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఎంత దూరము? గాలి ఎటు? బంతి ఎటువంటి చోట ఉన్నది? ఈ మూడింటికి జవాబులు వెదకే మనస్సులో పాత దెబ్బకు చోటు చాలదు. అనుమానముగా ఉంటే సులువైన దారినే ఎన్నుకోండి. పోయిన దెబ్బను తిరిగి రాబట్టుకొనే ప్రయత్నము చేయకండి. అది జూదరి లక్షణము.

చివరిది, ప్రతి దెబ్బకు ముందు ఒకే క్రమము పాటించండి. ఒక శ్వాస, గమ్యము వైపు ఒక చూపు, ఉత్తుత్తి దెబ్బ ఒకటి, తరువాత బంతి మీద దృష్టి, అంతే. కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయానికి చెందిన జోన్ వికర్స్, రంధ్రములోకి బంతిని దొర్లించేటప్పుడు ఆటగాళ్ళ చూపులను పరిశీలించింది. నేర్పరుల చూపు దెబ్బకు ముందు బంతి మీద ఎక్కువ సేపు కదలకుండా నిలుస్తుందని కనుగొన్నది. కోపములో మొదట చెదిరేది ఆ చూపే. కాబట్టి చూపును నిలపడము నేర్చుకుంటే మనస్సు దాని వెనుకనే వస్తుంది.

గోల్ఫు ఆడనివారు ఇందులో బంతి బదులు స్టీరింగును, ఫోనును, పిల్లవాడి మార్కుల పత్రమును పెట్టుకొని చదువుకోవచ్చు. కోపముతో వ్రాసిన సందేశమును పంపే ముందు పది అడుగులు నడచి వస్తే, అందులో సగము పంపవలసిన అవసరము కనిపించదు.

వైద్యునిగా కొన్ని జాగ్రత్తలు

అన్ని కోపాలూ స్వభావము వలననే రావు. ఇన్సులిను, లేక గ్లిమిపిరైడ్ వంటి మాత్రలు వాడే మధుమేహ రోగులు రెండు మూడు గంటలు నడిచిన తరువాత కారణము లేకుండా చిరాకు పడుతూ, చెమటలు పట్టి, చేతులు వణుకుతూ ఉంటే రక్తములో చక్కెర పడిపోయి ఉండవచ్చు. దానిని కోపముగా భావించి ఉపదేశము చేయకండి. వెంటనే చక్కెర పరీక్షించండి. పరికరము లేకపోతే 15 గ్రాముల గ్లూకోజు, లేదా మూడు చెంచాల చక్కెర కలిపిన నీరు ఇవ్వండి. 15 నిమిషాలలో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పినవారి నోటిలో మాత్రము ఏమీ పోయకూడదు. బీటా బ్లాకర్ మందులు వాడేవారిలో వణుకు, గుండెదడ కనిపించకపోవచ్చు.

వేసవిలో ఎండ, దాహము కూడ చిరాకును పెంచుతాయి. నీళ్ళు వెంట ఉంచుకొని దాహము వేయకముందే త్రాగండి. ఎనిమిది గంటలలోగా ఆట ముగించుకోండి.

కోపము వచ్చిన తరువాత ఛాతీలో బిగింపు, దవడకో ఎడమ చేతికో ప్రాకే నొప్పి, ఆయాసము, చల్లని చెమటలు కలిగితే ఆట ఆపి కూర్చోండి. ‘గ్యాసు అయి ఉంటుంది’ అనుకోవద్దు. 108కి ఫోను చేయించండి. మీరే కారు నడుపుకుంటూ వెళ్ళవద్దు.

ఇంతకాలము శాంతముగా ఉన్న పెద్దవారు కొత్తగా ప్రతిదానికీ విసుక్కుంటూ ఉంటే నిద్రలేమి, దీర్ఘకాలపు నొప్పి, థైరాయిడ్ గ్రంథి అతిచురుకుదనము, మానసిక కుంగుబాటు, మతిమరపు వ్యాధి ప్రారంభము వంటి కారణాలుండవచ్చు. ‘వయస్సు మీద పడింది’ అని వదలివేయకుండా వైద్యునికి చూపించండి.

ఈ హెచ్చరికలు చూసి ఆటలు మానవద్దు. స్వీడనులో సుమారు 3 లక్షల మంది గోల్ఫు క్రీడాకారులను పరిశీలించినప్పుడు, అదే వయస్సు, అదే సామాజిక స్థాయి గల ఇతరులకంటె వారిలో మరణాల రేటు 40 శాతము తక్కువగా ఉన్నట్లు తేలింది. నడక, ఆరుబయట గాలి, స్నేహితుల సాంగత్యము చేసే మేలును కోపముతో పాడుచేసుకోకూడదన్నదే నా మనవి.

కోపము ఎవరి మీద?

చివరగా, వైద్య గ్రంథాలలో లేని ఒక మాట. ఆ ఉదయము నాతో ఆడినవారిలో నా కంటె పెద్ద పదవులు చేసి విరమించినవారు ఇద్దరున్నారు. నేను కొట్టే ముందు వారు కూడ మాట్లాడుకుంటూనే ఉన్నారు. నా కోపము వారి మీదకు పోలేదు. తిరిగి మాట అనలేని కుర్రవాడి మీదకే పోయింది. అంటే నాకు ఒళ్ళు తెలియని కోపము రాలేదన్నమాట. ఎవరిని అనవచ్చునో, ఎవరిని అనకూడదో దానికి బాగా తెలుసు.

ఆ రాత్రి పాత సంగతులు కొన్ని గుర్తుకు వచ్చాయి. పరీక్షా ఫలితము ఆలస్యమైనందుకు ఒక నర్సమ్మ ముందు కేసు షీటు విసిరికొట్టిన రోజు ఒకటి. ఆలస్యము ఆమె వలన జరగలేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఆమె వంగి కాగితాలు ఏరుకున్నది. ఆమె ఇప్పుడు ఎక్కడ ఉన్నదో తెలియదు. క్షమాపణ చెప్పుకొనే అవకాశము దాటిపోయింది. ఒత్తిడి గల వృత్తి కనుక కోపము సహజమేనని మేము వైద్యులము చాలాకాలము ఒకరికొకరము చెప్పుకున్నాము. అదే ఒత్తిడి నర్సులకు, వార్డు బాయిలకు కూడ ఉంటుందని, వారు మాత్రము మా మీద ఏమీ విసరలేదని గమనించలేదు.

కోపమును అదుపు చేసుకోవడము మన గుండె కోసమని వైద్యులము చెబుతాము. అది నిజమే. కాని సగము నిజము. తక్కిన సగము మన చుట్టూ ఉన్నవారి గుండెల కోసము. మీ కోపము తరచుగా ఎవరి వైపు పోతున్నదో ఒక వారము రోజులు గమనించండి. ఆ జాబితాలో మీ పై అధికారి పేరు కంటె ఇంట్లో పనిచేసే మనిషి పేరు, భార్య పేరు, పిల్లల పేర్లు ఎక్కువగా ఉంటే, మీరు కోపాన్ని ఇప్పటికే అదుపు చేయగలుగుతున్నారని అర్థము. అదుపు చేయవలసిన చోటు మార్చుకోవాలి, అంతే.

మరుసటి వారము మైదానానికి వెళ్ళినప్పుడు ముందుగా ఆ కుర్రవాడిని పిలిచి, “ఆ రోజు తప్పు నాది బాబూ. నీ మాట వినవలసింది” అన్నాను. అతడు తల గోక్కొని, “పర్లేదు సార్” అన్నాడు. అతని మొహములో ఆశ్చర్యము చూస్తే, ఆ మాట అతడు ఎక్కువసార్లు విని ఉండడని అనిపించింది.

అదే రంధ్రము దగ్గరకు వచ్చాము. గాలి ఎలా ఉన్నదని అడిగాను. 6వ నంబరు ఇచ్చాడు. అతడు చెప్పినట్లే కొట్టాను. బంతి నేను అనుకున్నంత నేరుగా పోలేదు. మళ్ళీ ఇసుకలోనే పడింది. పది అడుగులు లెక్కపెట్టుకుంటూ నడిచాను. రెండు దెబ్బలకు బయటపడ్డాను. రేకు కోసము అతడు వంగబోతుంటే, ఈసారి నేనే తీసుకొని ఇసుక చదును చేశాను.